పంతొమ్మిది తలుపుల మౌనవ్రతం

సోమవారం, ఉదయం 7:10
వంటింటి అల్మారాలకు పాలిష్ పని ఇవాళ మొదలు. తలుపులు: పంతొమ్మిది. పట్టే రోజులు: తొమ్మిది. మేస్త్రి: నాలుగోవాడు.

ముందు ముగ్గురూ ఎందుకు వెళ్లిపోయారో నిజాయితీగా రాసుకోవాలి. మొదటివాడికి గరుకు కాగితం ఎటు రుద్దాలో చెప్పాను. రెండోవాడికి డబ్బా మూత ఎలా తీయాలో చెప్పాను. మూడోవాడికి ఏమీ చెప్పలేదు. వెనక నిలబడి నిట్టూర్చాను, అంతే.

మావారు తేల్చి చెప్పేశారు. ఈ మేస్త్రి కూడా మధ్యలో పోతే అల్మారాలన్నీ పీకించి ప్లాస్టిక్‌వి పెట్టించేస్తారట. ఇరవై రెండేళ్ల టేకు. దగ్గరుండి ఒక్కో చెక్కా ఏరి చేయించుకున్నవి.

మేస్త్రి పెద్దవాడు. ముప్ఫై ఏళ్లుగా ఇదే పని. నా సంగతి ఎవరో ముందే చేరవేసినట్టున్నారు, గుమ్మంలోనే షరతు పెట్టాడు: పని గురించి నేను ఒక్క మాటన్నా సంచి సర్దుకుంటాడు.

నిర్ణయం: తొమ్మిది రోజులు నోరు మెదపను. ఇదేం బ్రహ్మవిద్య!

సాయంత్రం 5:00
పంతొమ్మిదీ ఊడదీశాడు. స్క్రూలన్నీ ఒకే డబ్బాలో పోశాడు. పొడుగువీ పొట్టివీ కలిపేసి. నేనేమీ అనలేదు. అనుకున్నదానికంటే సులువు.

ఈయన ఆఫీసు నుంచి వస్తూనే, ఉన్నాడా అని అడిగారు. ఉన్నాడన్నాను.

మంగళవారం
10:20. దగ్గాను.
10:35. మళ్లీ దగ్గాను. గరుకు కాగితం రుద్దుతూ మూలలు వదిలేస్తున్నాడు మరి.
10:50. మూడోసారి, కాస్త గట్టిగా.
11:00. వేడినీళ్లు తాగమని మేస్త్రి సలహా ఇచ్చాడు. నాకు ఆయన సలహాలివ్వొచ్చు.

బుధవారం
రాత్రంతా ఆలోచించాను. షరతు నాకు, అత్తగారికి కాదు. పొద్దున్నే వంటింటి గుమ్మం దగ్గర ఆవిడకి కుర్చీ వేసి, చెప్పాల్సిన నాలుగు విషయాలూ వరసగా నేర్పి, ఒకసారి అప్పజెప్పించుకున్నాను కూడా. తర్వాత గది తలుపు వెనక నిలబడి విన్నాను.

"మా కోడలు ఏవో నాలుగు చెప్పమంది నాయనా," అన్నారు ఆవిడ. "నువ్వేం పట్టించుకోకు. నేను ఇరవై రెండేళ్లుగా పట్టించుకోవడం లేదు."

ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

గురువారం
చీటీ మాట కిందకి రాదు. "లప్పం పూర్తిగా ఆరిందా?" అని రాసి డబ్బాకి అంటించాను. మర్యాదగా, ప్రశ్న రూపంలో. మధ్యాహ్నం చూస్తే చీటీ మడతపడి ఊగే స్టూలు కాలి కింద ఉంది. స్టూలు ఇప్పుడు ఊగడం లేదు.

ఈయన: ఉన్నాడా? నేను: ఉన్నాడు.

శుక్రవారం, మధ్యాహ్నం 1:15
మేస్త్రి భోజనానికి వెళ్లాడు. తలుపులన్నీ వరండాలో బోర్లా పడి ఉన్నాయి. మడతబందులు కూర్చునే గుంటల నిండా దుమ్ము, పెన్సిల్ గీతలు. పైన అద్దంలాంటి పాలిష్ రాబోతోంది, లోపల ఈ మురికి! అయినా నేను మాట్లాడనన్నాను గానీ చేతులు కట్టుకు కూర్చుంటానని అనలేదు.

పాత టూత్ బ్రష్, సబ్బు నీళ్లు, పొడి గుడ్డ. తలుపుకి రెండు గుంటలు, మొత్తం ముప్ఫై ఎనిమిది. 2:10కి పూర్తి. ఆయన గమనించనేలేదు. సాయం చేసినవాళ్లు చెప్పుకోకూడదు.

శనివారం, ఆదివారం
రెండు పూతలు పడ్డాయి. తలుపులు తేనె రంగులో మెరుస్తున్నాయి. నేను ఒక్క మాటా అనలేదు. దగ్గు కూడా పూర్తిగా తగ్గింది.

సోమవారం, ఉదయం 9:30
బిగింపు మొదలు. మొదటి తలుపు చోట్లో కూర్చోలేదు. రెండోదీ అంతే. మేస్త్రి తలుపు తిప్పి గుంటలోకి చూశాడు. ఇంకోటి తిప్పాడు. పంతొమ్మిదీ తిప్పి చూశాడు.

చూడ్డానికి కవలల్లా ఉన్నా, ఇన్నేళ్లలో ఒక్కో తలుపు తన చోటికి అలవాటు పడిపోతుందట. ఒకదాని చోట ఇంకోటి పట్టదట. అందుకే ఊడదీసేటప్పుడు గుంటలో పెన్సిల్‌తో నంబరు వేసుకుంటాడట. ఇదంతా నాతో కాదు, తనలో తను గొణుక్కుంటున్నాడు.

ఆ పెన్సిల్ గీతలు మురికి కావన్నమాట.

9:50. స్టూలు మీద కూలబడ్డాడు. "వేశాననే అనుకున్నాను. వేయలేదు కాబోలు. మా ఆవిడ అంటూనే ఉంది, మతిమరుపు వచ్చింది, ఇక చాలించమని." తిప్పలు పడి ఎలాగోలా ఇది పూర్తిచేస్తాడట. తర్వాత ఇంక పనులు ఒప్పుకోడట.

10:05. నోరు మూసుకుంటే నా అల్మారాలు నాకు దక్కుతాయి. తెరిస్తే ఆయన పోతాడు, ప్లాస్టిక్ వస్తుంది. వంటింట్లో ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగుసార్లు తిరిగాను. ఆయన తన చేతులకేసి చూసుకుంటున్నాడు.

10:06. చెప్పేశాను.

"మీరు వేశారు మేస్త్రీ. నేనే తుడిచేశాను. టూత్ బ్రష్‌తో. అన్నీ."

ఆయన లేచి సంచి తెరిచాడు. సర్దుకోవడానికే అనుకున్నాను. సంచిలోంచి పెన్సిల్ తీశాడు.

"నోరు తెరిస్తే పోతానన్నాను, నిజమే అమ్మగారూ," అన్నాడు. "మీరు తెరవకపోతే ఇవాళ్టితో బ్రష్ అటక మీద పెట్టేసేవాణ్ణి. రండి, ఇటు పట్టుకోండి."

సాయంత్రం ఈయన అడిగారు. ఉన్నాడన్నాను.

మంగళవారం
నిన్న ఆరు తలుపులకి చోట్లు దొరికాయి. మిగిలినవి ఇవాళ. నేను తలుపు ఎత్తి పట్టుకోవాలి, ఆయన చూసి నంబరు వేసి బిగిస్తాడు. నాకు రెండు మాటలకే అనుమతి: "పట్టింది", "పట్టలేదు".

పదకొండో తలుపు దాకా ఆ రెండే వాడాను. పన్నెండో దగ్గర "ఇంకాస్త పైకి" అన్నాను. పదమూడో దగ్గర "అటు కాదు, అటు కాదు, అయ్యో, అటు కాదు" అన్నాను. మేస్త్రి స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టి, మీరే బిగించండని స్టూలెక్కి కూర్చున్నాడు. బిగించాను. వంకరగా వచ్చింది. ఆయన దగ్గాడు.

సాయంత్రం 5:40
పంతొమ్మిదీ ఎక్కాయి. ఇక చివరి పూత, రెండు రోజుల పని; నా టూత్ బ్రష్ పుణ్యమా అని తొమ్మిది రోజులు పదకొండయ్యాయి. కొత్త నిర్ణయం: ఈ రెండు రోజులూ నోరు మెదపను. రేపు ఉదయం తొమ్మిది నుంచి అమలు. రెండే రోజులు కదా, అదెంత పని.

5:44. మేస్త్రి ఇంకా గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు. స్టవ్ పక్క తలుపు వెంట్రుకవాసి కిందికి ఉంది. తొమ్మిదింటికి ఇంకా పదిహేను గంటలు. పరుగెత్తాలి.