వేరు పెట్టిన పళ్లెం

అమ్మకు వందనాలు. నేను బాగానే ఉన్నాను, మందులు మానలేదు.

ఫోన్లో నా హెపటైటిస్-బి మాట ఎత్తగానే పెట్టేస్తున్నావు, అందుకే ఈ కార్డు. మొన్న మాయాబందర్‌లో మనింటికి వచ్చినప్పుడు నువ్వు నా పళ్లెం వేరుగా పెట్టావు. నిన్న ఇక్కడ మా పాప ఎలీనా నా పళ్లెంలో ముద్ద అడిగితే నేనే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. పిల్ల ఏడ్చింది. ఆ సంగతి విని నర్సు దీదీ కోప్పడింది: “పాపకు టీకాలన్నీ అయ్యాయి కదా! కలిసి తింటే రాదు భయ్యా, రక్తం అంటిన బ్లేడుతో వస్తుంది.”

నేను అక్కడ మరచిన రేజర్‌తోనే నాన్న గడ్డం గీసుకుంటున్నాడట. ఫోన్లో వద్దంటే నవ్వేశాడు. నువ్వే లాక్కుని పారేయ్. ఇద్దరూ ఆసుపత్రికెళ్లి రక్తం పరీక్ష చేయించుకోండి. కోడిపిల్లలు నిలిచాయా?

జబ్బు సంగతి కార్డు మీద రాస్తే దారిలో అందరూ చదువుతారంది నీ కోడలు దయావతి. చదవనీ. క్రిస్మస్‌కు వస్తున్నాం. నా పళ్లెం మీ పళ్లేల మధ్యే పెట్టమ్మా.

నీ బెన్‌హర్