లుంగీ పీలికలు

శుక్రవారం, నంద్యాల.

పొద్దున ఆయన బండి మీద ఆళ్లగడ్డకు బయల్దేరగానే, గడప ముందర వేసే కాళ్లపట్ట అల్లడానికి ఆయన పాత లుంగీని పీలికలుగా చింపాను. పీలికలు సగం జడగా అల్లేసరికి అత్త చూసింది.

"మనిషి ఊరు చేరేదాకా ఇల్లే ఊడ్వం. నువ్వు వాని గుడ్డలు చింపుతాండావేందిమే!"

నవ్వేశాను. గంట దారే కదా.

మధ్యాహ్నం నుంచి ఆయన ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. "అన్న ఈడికి రానేలేదు వదినా" అన్నాడు ఆళ్లగడ్డలో ఉండే మరిది.

చీకటి పడ్డాక జడ విప్పి, పీలికలు పక్కపక్కన పెట్టి మళ్లీ లుంగీలా కుట్టడం మొదలుపెట్టాను. అత్త తిట్టలేదు. పక్కన కూర్చుని ఒక్కొక్కటే అందించింది.

ఇల్లంతా వెతికాం. ఒక పీలిక తక్కువైంది.