సున్నపురాయి కాదు

మార్చి 3

గని దగ్గర కుప్పేసిన వేస్ట్ రాయిని వాగు పక్కన పోస్తారట. అందులో గంధకం ఉంది, వానకు తడిస్తే యాసిడ్ కారుతుంది. ఏం పరవాలేదు, కుప్పలోనే ఉన్న సున్నపురాయి ఆ యాసిడ్‌ని తాగేస్తుందని మేనేజర్ రిపోర్టు. ల్యాబ్ ఇన్‌చార్జిగా నేను సంతకం పెట్టాలి.

రిపోర్టులో సున్నపురాయి అన్న ఆ రాయిని చేతిలోకి తీసుకున్నాను. తేనె రంగు. సున్నపురాయికన్నా బరువు. చల్లటి యాసిడ్ చుక్క వేస్తే ఉలుకూ పలుకూ లేదు. వేడి చేస్తే బుసబుసా పొంగింది.

ఇది సిడరైట్. ఇనుము కార్బొనేట్.

మార్చి 4

కుప్పలో ఎక్కడ తీసినా అదే.

మార్చి 6, సాయంత్రం

మేనేజర్‌కి చెప్పాను. ఏ కార్బొనేట్ అయితేనేం, అన్నీ ఒక తాను ముక్కలేగా అన్నాడు. కాదన్నాను. సిడరైట్ ముందు యాసిడ్‌ని తాగుతుంది, నిజమే. కానీ దాంట్లోంచి కరిగిన ఇనుము గాలి తగిలి తుప్పుగా మారేటప్పుడు తాగిందంతా కక్కేస్తుంది. ఆ వాగు నీళ్లే దిగువన మా పిన్ని వాళ్లు తాగుతారు.

సంతకం పెట్టకపోతే ల్యాబ్‌లో నాకు కుర్చీ ఉండదట. మా ఆయన ఇక్కడే లోడర్ నడుపుతాడని కూడా గుర్తుచేశాడు, ఎంతో ప్రేమగా.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. అన్నం తిన్నాడు. గిన్నెలు కడుగుతూ, పిన్ని వాళ్లకి వేరే బావి ఏమన్నా ఉందా అన్నాడు. లేదన్నాను. మరి నన్నెందుకు అడుగుతున్నావే అన్నాడు.

మార్చి 7

పెట్టలేదు.

మార్చి 10

పర్మిషన్ ఇచ్చే ఆఫీసరమ్మ వచ్చింది. మేనేజర్ రిపోర్టు చదవడం మొదలెట్టాడు. నన్ను కూర్చోమన్నారు. కూర్చోలేదు.

ఆ రాయిని యాసిడ్‌లో మరిగించి వడకట్టిన నీళ్లు గ్లాసులో తెచ్చాను. తేటగా ఉన్నాయి. లిట్మస్ కాగితం ముంచితే నీలంగానే ఉంది, యాసిడ్ జాడ లేదు. చూశారుగా అన్నాడు మేనేజర్. అప్పుడు పెరాక్సైడ్ చుక్కలు వేశాను. గాలి నెలల తరబడి చేసే పనిని అది నిమిషాల్లో చేస్తుంది. నీళ్లు తుప్పు రంగుకు తిరిగాయి. లిట్మస్ ఎర్రబడింది.

గారడీ అని నవ్వాడు మేనేజర్. ఆఫీసరమ్మ నవ్వలేదు. కుప్ప దగ్గరకు పోయి, తనే ఒక రాయి ఏరుకొచ్చి మళ్లీ చేయమంది. చేశాను. మళ్లీ ఎర్రబడింది. వాగు పక్కన ఒక్క రాయి కూడా పోయడానికి వీల్లేదని అక్కడే చెప్పేసింది.

గ్లాసు కడిగి బోర్లించాను.

మార్చి 11

ల్యాబ్ తాళం లాక్కున్నారు. స్టోర్‌రూమ్‌లో హెల్మెట్లు, బూట్లు ఇచ్చే పని నాకు. మా ఆయన్ని దూరపు సైట్‌కి వేశారు. ఈల వేసుకుంటూ వెళ్లాడు.

మార్చి 19

మేనేజర్ స్టోర్‌కి వచ్చాడు. పొరపాటు పడ్డానని ఒక్క ముక్క రాసిస్తే ల్యాబ్ తాళం తిరిగిచ్చేస్తాడట.

ఏ సైజు హెల్మెట్ కావాలని అడిగాను.