ఐ.పి. పిటిషన్, మూడు కాపీలు

6-6-1960, సోమవారం
మొత్తం బాకీ రెండు వేల ఆరు వందలు. రెండుసార్లు కూడి చూశాను. రెండోసారి ఇంకో నలభై పెరిగింది, అందుకని మూడోసారి కూడలేదు.

సాగర్ డ్యాం కడుతున్నారు, పల్నాడు కుర్రాళ్ళందరికీ ఆఫీసు ఉద్యోగాలొస్తాయి, అందరూ టైపు నేర్చుకుంటారు అనుకుని గుంటూరులో గుమాస్తా పని రిజైన్ చేశాను. అప్పు చేసి ఆరు మిషన్లు కొని ఈ నరసరావుపేటలో ఇన్‌స్టిట్యూట్ పెట్టాను. కుర్రాళ్ళు డ్యాం దగ్గరికి వెళ్ళారు, నిజమే. మట్టి మోయడానికి. దానికి టైపు లోయర్ పరీక్ష పాసవ్వక్కర్లేదట.

స్టూడెంట్లు తొమ్మిది మంది. ఫీజిచ్చేవాళ్ళు నలుగురు. నా భార్య జ్ఞానమ్మకు తెలిసిన బాకీ వెయ్యి.

9-6-1960
వకీలు గారిని కలిశాను. మూడు దారులున్నాయన్నారు.

ఒకటి ఐ.పి., అంటే దివాలా పిటిషన్. అది వేస్తే, ఉన్నదంతా కోర్టు నియమించిన రిసీవర్ అమ్మి అందరికీ పంచుతాడు. ఇంకా మిగిలిన బాకీ నుంచి కొన్నాళ్ళకు కోర్టే విడుదల చేస్తుంది. రెండోది రైతు రుణాల చట్టం. రైతునని రుజువు చేసుకుంటే వడ్డీ తగ్గిస్తారు, అసలు మాత్రం కట్టాలి. మూడోది రాజీ. అప్పులవాళ్ళందరినీ కూర్చోబెట్టి, ఇంత ఇస్తాను, ఇన్నాళ్ళలో ఇస్తాను అని కాగితం రాసుకోవడం.

మూడోదే మర్యాద, కాకపోతే అందరి ముఖాలూ చూడాలి అన్నారు. ఐ.పి.కి చూడక్కర్లేదా అని అడిగాను. అక్కడ జడ్జిగారి ముఖం ఒక్కటే అన్నారు. ఒక ముఖం నయం అనిపించింది. అయినా ముందు రెండోది చూద్దామనుకున్నాను. బెల్లంకొండలో నాన్న వదిలిన అరెకరం ఉంది కదా.

11-6-1960
బెల్లంకొండ వెళ్ళాను. చేలో నిలబడి, ఇది నాది, నేను రైతుని అని నాలో నేను రెండుసార్లు అనుకున్నాను. గట్టు మీద కూర్చుని అన్నం కూడా తిన్నాను. నా చేను కౌలుకు చేసే ఆదెమ్మ పిన్ని అప్పుడు వచ్చింది. అది అంకమ్మ వాళ్ళ చేనట. నాది డొంక అవతల.

"ఏందయ్యా రత్నం, సొంత చేనేదో తెలవకుండా కోర్టుకెక్కి రైతునని చెప్తావా?" అని చానాసేపు నవ్వింది. పోయేటప్పుడు దోసకాయలిచ్చింది.

రెండో దారి అయిపోయింది.

14-6-1960
ఐ.పి.యే. వకీలు ఫీజు, స్టాంపులు కలిపి డెబ్బై అయిదట. దివాలా తీయడానికి పెట్టుబడి కావాలని నాకెవరూ చెప్పలేదు.

పక్కింటి జైనాబ్ బీని అడిగాను. గాజులమ్మి దాచుకున్న డబ్బు. కోర్టు పనికి అని చెప్పాను, అబద్ధం కాదు. వకీలు గారు డబ్బు లెక్కపెట్టుకుని, ఇది ఎక్కడిది అని అడిగారు. చెప్పాను. అయితే ఆవిడ పేరు కూడా లిస్టులో రాయాలి, ఎవర్నీ వదలకూడదు అన్నారు. ఎనిమిదో నెంబరు.

16-6-1960
పిటిషన్ నేనే టైపు చేశాను. ఒరిజినల్, రెండు కార్బన్ కాపీలు. ఒక్క తప్పు లేదు. మార్జిన్లు ఎంత బాగా వచ్చాయో. నా జీవితంలో ఇంత శుభ్రంగా చేసిన పని ఇంకోటి లేదు.

ఒకటో నెంబరు నూనె మిల్లు నరసింహారావు గారు, పన్నెండు వందలు. అయిదో నెంబరు మరియదాసు, గురజాల, మూడు వందలు. మరియదాసు జ్ఞానమ్మ తమ్ముడు. ఈ బాకీ సంగతి ఆమెకు తెలియదు. ఇంగ్లీషులో టైపు చేస్తే ఎవరో పరాయివాడి పేరులా ఉంది.

17-6-1960, మధ్యాహ్నం
స్టాంపుల కోసం బయటికి వెళ్ళి వచ్చేసరికి ఘోరం జరిగిపోయింది. ఒక కార్బన్ కాపీ స్పీడు పాసేజీల ట్రేలో ఉండిపోయింది. క్లాసంతా దాన్నే టైపు చేస్తోంది.

నరసింహారావు గారి అమ్మాయి ప్రభావతి లేచి, మా నాన్న ఇంటిపేరు స్పెల్లింగ్ తప్పుంది మేష్టారూ, నేను సరిచేశాను అంది. నలభై స్పీడు వచ్చిందని నాన్నకు చూపించడానికి ఓ కాపీ ఇంటికి తీసుకుపోయింది.

ఒక్క తప్పు లేదని నిన్న రాసుకున్నాను.

అదే రోజు, రాత్రి 9
ఊళ్ళో ఉన్న అప్పులవాళ్ళంతా వచ్చారు. నరసింహారావు గారు కాగితం పట్టుకుని ముందు, వెనక మిగిలినవాళ్ళు. కాగితం ఇంగ్లీషులో ఉంది, ఆయనకు రాదు. మిషన్ స్కూలు టీచరమ్మవు గదా, నువ్వే చదివి తెలుగులో చెప్పమ్మా అని జ్ఞానమ్మ చేతికిచ్చారు.

చదివింది. ఒకటో పేరు, రెండు, మూడు, నాలుగు. అయిదో దగ్గర ఆగింది. మంచినీళ్ళు తాగింది. "గురజాల కాపురస్థుడు మరియదాసు, మూడు వందలు" అని అదే గొంతుతో చదివి ఆరుకు పోయింది. నాకేసి చూడలేదు.

ఎనిమిది వచ్చేసరికి జైనాబ్ బీ లేచింది. "నా డబ్బులు ఎగ్గొట్టేదానికి నా కాడే డబ్బులు తీసుకుంటివా?" అని అడిగింది.  అందరూ పక్షం రోజులు గడువిచ్చి వెళ్ళారు.

18-6-1960
జ్ఞానమ్మ నాకు వడ్డించి, తన కంచం వంటింట్లోకి తీసుకుపోయింది.

19-6-1960, ఆదివారం
చర్చిలో ఆడవాళ్ళ వైపు నుంచి ఆమె ప్రార్థన వినిపించింది. రెండు రోజుల్లో నేను విన్న ఆమె మాటలు అవే. అవీ దేవుడికి.

21-6-1960
స్కూలు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే చెప్పింది. వకీలు దగ్గరికి తనే వెళ్ళి వచ్చిందట. ఐ.పి. వద్దు, రాజీ అంది. కోర్టు విడుదల చేసినా తన తమ్ముడి ఎదుట తల ఎత్తేదెట్లా అంది. రెండు మిషన్లు అమ్మాలి. పొద్దున, సాయంత్రం క్లాసు, మధ్యలో కోర్టు గేటు దగ్గర మిషన్ పెట్టుకుని పేజీకింతని వకీళ్ళ కాగితాలు కొట్టాలి. తన జీతం చీటీ నాకు చూపించి మళ్ళీ పర్సులో పెట్టుకుంది. నేను ఏదో అనబోయాను. ముందు అన్నం తినండి అంది.

అన్నంలోకి చింతకాయ పచ్చడి వేసింది. ఏడుపొచ్చింది. కారం అని చెప్పాను.

26-6-1960, ఆదివారం
ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చున్నాం. ఎనిమిది మంది ఎనిమిది స్టూళ్ళ మీద, పరీక్షకొచ్చినట్టు. వకీలు గారు కొత్త ఫీజు అడగలేదు, పాతదే దీనికి సరిపెట్టారు.

వడ్డీ వదులుకోవాలి, అసలు మూడేళ్ళలో నెలనెలా అని జ్ఞానమ్మ చెప్పింది. నరసింహారావు గారు మిషన్లను ఓసారి చూశారు. వేలం వేస్తే వీటికేం వస్తుందిలే అని, ప్రభావతి పాసయ్యేదాకా ఫీజు అడగకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఆయన ఒప్పుకుంటే తక్కినవాళ్ళూ ఒప్పుకున్నారు.

జైనాబ్ బీ ఒప్పుకోలేదు. నేను మునిగిపోతున్నానని తెలియక కోర్టు ఖర్చుకు కూడా డబ్బిచ్చిన తన పేరు అందరికంటే ఆఖర్నా అంది. ఒకటో నెంబరుకు మార్చి నాలుగు పేజీలూ మళ్ళీ టైపు చేశాను. అప్పుడు వేలిముద్ర వేసింది.

మరియదాసు గురజాల నుంచి బస్సులో వచ్చాడు. సంతకం పెట్టనన్నాడు. "బావకిచ్చింది బాకీ ఏందక్కా?" అన్నాడు. జ్ఞానమ్మ వాడి చెవి పట్టుకుని పెట్టించింది. అప్పుడు మాత్రం ఇద్దరికేసీ నేను చూడలేకపోయాను. రిబ్బన్ సరిచేస్తున్నట్టు వంగాను.

12-9-1961
కోర్టు గేటు దగ్గర ఎండ. ఇరవై రెండు పేజీలు.

1-7-1963
ఆఖరి వాయిదా. జైనాబ్ బీకి రెండు రూపాయలు. మూడేళ్ళుగా ప్రతి ఒకటో తారీఖున వచ్చి, డబ్బు తీసుకుని, టీ తాగి, జ్ఞానమ్మతో పొద్దుపోయేదాకా మాట్లాడి పోయేది. ఈ రోజు రశీదు మీద వేలిముద్ర వేసింది, టీ తాగింది. తర్వాత ఆ రెండు రూపాయలూ మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"ఇది బాకీ పెట్టుకో రత్నం. లేకపోతే వచ్చే నెల నేనేమని రావాల?"

ఇక జన్మలో అప్పు వద్దని నాచేత ఒట్టు పెట్టించుకున్న జ్ఞానమ్మే ఆ రెండు రూపాయలకూ ప్రోనోటు రాయమంది.