బూడిద నీలం కోసం మూడు ఊళ్లు

గద్వాల,
ఆదివారం

అన్నయ్యకు,

చెల్లి భారతి నమస్కారాలు. నేనిక్కడ హాయిగా ఉన్నాను. నువ్వూ, వదినా, పాపా బాగున్నారని, అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గిందని అనుకుంటున్నాను. ఫోన్లో అడిగితే అమ్మ ఎప్పుడూ "బానే ఉన్నానమ్మా" అంటుంది. ఆ మాట నమ్మడానికి లేదు. నిజం నువ్వు రాయి.

నా గురించి బెంగ వద్దు. వచ్చిన కొత్తలో ఉన్న దిగులు ఇప్పుడు లేదు. అప్పట్లో మన బొబ్బిలి పేరు వినిపిస్తే చాలు, సంచి సర్దుకుని బస్సెక్కెయ్యాలనిపించేది. ఎండ కూడా అలాగే ఉండేది, గోడ మీద చెయ్యి వేస్తే కాలేది. వానలు పడ్డాక ఈ ఊరి మొహమే మారిపోయింది. పత్తి చేలల్లో ఆడవాళ్లు పొద్దున్నే చేరి, ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకి అద్ది విత్తనం పట్టిస్తుంటారు. ఆ విత్తనమే చివరికి మా ల్యాబుకు వస్తుంది. గింజల్ని తడి కాగితంలో పేర్చి, చుట్టిపెట్టి, ఎన్ని మొలిచాయో చూడడం నా పని. కుదురుగా కూర్చుని చేసే పని గనక నాకు పడింది. ఆఫీసులో అందరూ మంచివాళ్లే.

తిండికీ లోటు లేదు. నేను అద్దెకున్న ఇల్లు సవారన్న గారిది. ఆయన పట్టు దారానికి రంగులద్దుతారు, ఆయన భార్య నాగమ్మ గారు మగ్గం నేస్తారు. నేను ఒంటరిగా వండుకుంటుంటే ఆవిడకు మనసొప్పదు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు పళ్లెంలో పెట్టుకుని వచ్చేస్తారు. "జర ఉడుకుడుకుగ తిను బిడ్డా, సల్లారితే రొట్టె తోలు లెక్క అయితది" అంటారు. పుంటికూరంటే మన గోంగూరే. నేనొకసారి మరిచిపోయి "ఏటి?" అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వారు. "ఏటి అంటవేంది! మీ ఊర్ల మాట మాటకు ఏరు పారుతదా?" అన్నారు. అప్పటి నుంచి నేను "ఏంది" అంటున్నాను, ఆవిడ నన్ను ఆటపట్టించడానికి "ఏటి" అంటున్నారు.

ఇక అసలు సంగతి. విమానం.

ఇది నీకు తెలియని కథ కాదు. అయినా మొదటి నుంచీ రాస్తాను, ఎందుకంటే కిందటి నెల ఫోన్లో నువ్వు అంతా మరిచిపోయినవాడిలా మాట్లాడావు. వైమానిక దళంలో ఉన్నన్నాళ్లూ నువ్వు ఏ విమానం కింద పడుకుని బోల్టులు బిగించావో, సెలవుకి ఇంటికొచ్చి ఆ విమానాన్నే అరచేతులంత చేసి కట్టేవాడివి. ప్లాస్టిక్ ముక్కలు కత్తిరించి అందించేది నేను, అతికించి రంగు వేసేది నువ్వు. అవన్నీ మన ముందుగది అలమరలో వరసగా ఉన్నాయి. నువ్వు ఆఖరున పనిచేసిన రెండింజన్ల రవాణా విమానం ఒక్కటే రంగు లేకుండా మిగిలింది. స్కూటరు మీద నుంచి పడ్డాక నీ కుడిచేతి వణుకు తగ్గలేదు. నేను గద్వాలకు బయల్దేరే రోజున ఆ పెట్టె నా సంచిలో పెట్టి, "కట్టడం అయిపోయింది, తోక ఒక్కటే అతికించాలి, రంగు నువ్వు వెయ్యి" అన్నావు. అది నాకు ఉద్యోగం ఆర్డరు కంటే పెద్దదిగా తోచింది.

పై భాగం వేశాను. కింది భాగానికి కావలసిన బూడిద నీలం డబ్బా మూత తీస్తే, లోపల అడుగున ఎండిపోయిన పెచ్చు తప్ప ఏమీ లేదు. హైదరాబాదులో నువ్వు ఎప్పుడూ కొనే దుకాణానికి ఫోన్ చేస్తే, ఆ కంపెనీ ఆ రకం రంగుల్ని పూర్తిగా ఆపేసిందని, ఉన్నవి కూడా అయిపోయాయని చెప్పాడు. నీకు చెప్పాను. నువ్వు వెంటనే, "పోనీలే భారతీ, వదిలెయ్యి. నా చెయ్యీ పోయింది, ఆ రంగూ పోయింది. పెట్టెలో పెట్టి అటక మీద పడెయ్యి" అన్నావు. నేను జవాబు చెప్పేలోపు కాయిన్ బాక్సు కట్ అయింది. బయటికొచ్చి బస్టాండు గోడ పక్కన నిలబడి ఏడ్చాను. నీ మీద కోపంతో ఏడ్చాను, అది గుర్తుపెట్టుకో.

ఇంటికి వెళ్తే నాగమ్మ గారు నా మొహం చూసి వదల్లేదు. చెప్పక తప్పలేదు. సవారన్న గారు విమానాన్ని కోడిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకుని, తిప్పి తిప్పి చూశారు. ఈయన రంగుల మనిషి కదా, గిన్నెలో ఇంత కలిపిచ్చేస్తారని నాకు ఆశ. ఆయన తల అడ్డంగా ఊపారు.

"గిది దారం గాదు బిడ్డా. దారమైతే రంగు తాగుతది. గిది తాగదు, రంగు మీదనే కూసోవాలె. నా తాన ఉన్నది దీనికి పనికి రాదు."

"మరి ఎవరి దగ్గర ఉంటుందండీ?"

"వనపర్తిల మహబూబ్ అని ఉన్నడు, ట్రాక్టర్లకు, జీపులకు రంగు గొడతడు. నా పేరు జెప్పు."

ఆ ఆదివారమే పెబ్బేరు మీదుగా వనపర్తి బస్సెక్కాను. బీచుపల్లి వంతెన దగ్గర కృష్ణ నిండుగా ఉంది. ఒడిలో విమానం, చేతిలో ఖాళీ డబ్బా. పక్కన కూర్చున్న పెద్దావిడ అది బొమ్మనుకుని, "పిల్లగానికా?" అని అడిగింది. "మా అన్నయ్యకు" అన్నాను. ఆవిడ కాస్త జరిగి విమానం రెక్కకు చోటిచ్చింది!

మహబూబ్ గారి షెడ్డు వెతుక్కోనక్కర్లేకపోయింది, దారి పొడుగునా ఎర్ర ట్రాక్టరు ట్రాలీలు ఆరుతున్నాయి. ఆయన నా మాట పూర్తిగా విననైనా లేదు. "పరేషాన్ గాకమ్మా. రంగు జూపియ్, అయిపాయె" అని డబ్బా అడుగున ఉన్న పెచ్చును వెలుతురుకి పట్టి చూసి, తెలుపు, నీలం, రవ్వంత నలుపు, ఒక చుక్క పసుపు కలిపారు. నా కళ్లను నేను నమ్మలేదు, అచ్చం అదే. నువ్వు నేర్పిన జాగ్రత్త కొద్దీ విమానం మీద వెయ్యకుండా, ముక్కలు కత్తిరించగా మిగిలిన ప్లాస్టిక్ చట్రం మీద ఒక గీత గీయించాను. మేం చూస్తుండగానే ఆ గీత పాల మీద మీగడలా ముడతలు పడింది. ప్లాస్టిక్ మెత్తబడి వంగిపోయింది.

"అరెరె! మా థిన్నర్ ఇనుముకు దోస్తు, ప్లాస్టిక్‌ను తింటది" అని ఆయన నాకన్నా ఎక్కువ నొచ్చుకున్నారు. టీ తాగనిదే కదలనివ్వలేదు. అయినా ఒక సంగతి ఆయన దగ్గర నేర్చుకుని వచ్చాను. ఆ నీలంలో నలుపుతో పాటు రవ్వంత పసుపు కూడా ఉండాలట, లేకపోతే చూపుకి చల్లగా కొడుతుందట.

తర్వాత కొన్ని రోజులు నెట్ సెంటర్లో కూర్చుని వెతికాను. ఆ విమానం ఫొటోలు బోలెడు ఉన్నాయి, కానీ ఒక్కో ఫొటోలో ఒక్కో నీలం. ఏది నమ్మాలి?

అంతలో ఆఫీసు వాళ్లు విత్తనం నమూనాలు తెమ్మని నాగర్‌కర్నూల్ వైపు పంపారు. జీపు చెడిపోయి ఆ ఊళ్లోనే ఆగాల్సి వచ్చింది. వాన కూడా మొదలయ్యేసరికి ఎదురుగా ఉన్న కుట్టు సెంటర్లోకి పరుగెత్తాను. ఆ సెంటరు రేణుక అనే అమ్మాయిది, నా వయసే ఉంటుంది. చీర మీద నెమలి వేస్తోంది. చిన్న సీసాల్లో, బట్టల మీద వేసే రంగులు. నేను కళ్లప్పగించి చూస్తుంటే, "ఏందక్కా, నేర్సుకుంటవా?" అంది.

"ఈ రంగు ప్లాస్టిక్ మీద నిలుస్తుందా?" అని అడిగాను.

"బట్టలకే అని ఎవరన్నరు? మా ఇంటి ముంగట ప్లాస్టిక్ పూలకుండీలకు ఏసిన. ఎండకు ఉన్నది, వానకు ఉన్నది."

చట్రం ముక్క నా సంచిలోనే ఉంది. వేసి, ఆరనిచ్చి గోటితో గీరితే పొరలా ఊడి వచ్చింది. నా ప్రాణం ఉసూరుమంది. రేణుక మాత్రం నవ్వింది. "గట్ల నున్నగ ఉంటే యాడ నిలుస్తదక్కా? ముందుగాల గరుకు కాగితంతోని రుద్దాలె, పైకెళ్లి పల్సగ తెలుపు ఏయాలె, గప్పుడు నీ రంగు" అని తనే రుద్ది, తనే తెలుపు వేసి చూపించింది. ఈసారి గీరితే నా గోరే అరిగింది, రంగు కదల్లేదు. జీపు బాగై డ్రైవరు హారన్ కొడుతున్నా నేను లేవలేదు. అన్నయ్యా, ఆ కుట్టు మిషన్ల మధ్య ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఇంటికొచ్చి కలపడం మొదలుపెట్టాను. తడిగా ఉన్నప్పుడు సరిపోయేది, ఆరాక ముదిరిపోయేది. సవారన్న గారు చూసి, "తడిల ఒక తీరు, ఆరినంక ఒక తీరు. నువ్వు తడిదాన్ని జూసి మురుస్తున్నవ్" అన్నారు. దాంతో ఒక మెట్టు తక్కువగా కలపడం అలవాటు చేసుకున్నాను. చివరికి డబ్బా అడుగు పెచ్చుకీ నా రంగుకీ తేడా లేదు. ఆ సంతోషంతోనే నీకు ఫోన్ చేశాను.

ఆ రోజు నువ్వేమన్నావో నీకు గుర్తుందో లేదో. మొదట "ఊఁ" "ఊఁ" అన్నావు. తర్వాత ఉన్నట్టుండి, "డబ్బాలో రంగు కొత్త విమానానిదే! మాది అలా ఉండేది కాదు. ఏళ్ల తరబడి ఎండలో నిలబడి వెలిసిపోయింది. ఉతికి ఉతికి పాతబడ్డ స్కూలు నిక్కరు చూశావా, ఆ నీలం. ఇంజన్ల వెనకాల పొగచూరి ఉండేది. చక్రాల తలుపుల దగ్గర మా చేతులు తగిలి తగిలి నూనె మరకలు" అని ఒకటే చెప్పుకుపోయావు. నేను రూపాయి బిళ్లలు వేస్తూనే ఉన్నాను. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటున్నా వేస్తూనే ఉన్నాను. అటక మీద పడెయ్యమన్న మనిషి నువ్వేనా అని అడగాలనుకుని, అడగలేదు. నువ్వు ఆపేస్తావేమోనని.

ఆ తర్వాత తెలుపు కలిపాను, మహబూబ్ గారు చెప్పిన పసుపు ఇంకో చుక్క కలిపాను. ఇంజన్ల వెనక మసి పొడిని వేలితో అద్దాను. నిన్న పొద్దున్న వాకిట్లో ఎండలో పెట్టి దూరంగా వెళ్లి చూశాను. నాగమ్మ గారు మగ్గం ఆపి వచ్చి, "పాతదాని లెక్క ఉన్నది బిడ్డా. మస్తు తిరిగొచ్చినట్టున్నది" అన్నారు. ఇంతకంటే మంచి మాట ఎవరంటారు చెప్పు?

రేణుక దగ్గరికి ఇంకోసారి వెళ్లొచ్చాను, కృతజ్ఞత చెప్పడానికి. అప్పుడు తను చీర అంచుకి చుక్కలు వేస్తోంది. పల్చటి అట్టలో ఆకారం కత్తిరించి, ఆ అట్టను గుడ్డ మీద అదిమిపెట్టి, స్పాంజి ముక్కతో రంగు అద్దుతోంది. కుంచె లేదు, గీత లేదు. తన పక్కనే వాళ్ల అమ్మ కూర్చుని అదే పని చేస్తోంది. పక్షవాతం వచ్చి తేరుకున్న మనిషట, చెయ్యి బాగా వణుకుతోంది. "వణికితే వణికింది. అట్ట పట్టుకుంటది కదా, గీత తప్పిపోదు" అంది రేణుక.

నేను ఆ అట్ట వంకే చూస్తూ ఉండిపోయాను. అసలు విమానాల తోక మీద నంబర్లు మీరు వేసేది కూడా అలాగే కదా అన్నయ్యా, రేకులో అంకెలు కత్తిరించి?

అందుకే ఈ ఉత్తరంతో పాటు చిన్న పార్సిలు కూడా పంపుతున్నాను. అందులో విమానం తోక ఉంది. అతికించలేదు. మీ విమానం నంబరు నాకు తెలియదు, నువ్వెప్పుడూ చెప్పలేదు. పది అంకెలూ కత్తిరించిన అట్ట, నల్లరంగు సీసా, స్పాంజి ముక్క కూడా పెట్టాను. తోకను బల్లకి టేపుతో అంటించుకో. రంగు చాలా తక్కువ తీసుకో, ముందు కాగితం మీద అద్ది, అప్పుడు తోక మీద అద్దు. చెదిరితే తడిగుడ్డతో తుడిచేసి మళ్లీ వెయ్యి, ఆరేలోపు వచ్చేస్తుంది. నాలుగుసార్లు చెదిరినా ఏమీ కాదు, నేను కోప్పడను.

వదినతో చెప్పు, అడిగిన చీర మాట మరిచిపోలేదు. అంచు ఏ రంగు కావాలో రాయమను, సవారన్న గారు దారం వేరే తీసిపెడతానన్నారు. పాపకు ముద్దులు. మావయ్యకి, పెద్దమ్మకి నా నమస్కారాలు చెప్పు. అమ్మను రోజూ కాసేపు నడిపించు. నాగమ్మ గారు మీ అందరినీ అడిగానని మరీ మరీ రాయమన్నారు. నా ఆరోగ్యం బాగానే ఉంది, మళ్లీ చెబుతున్నాను, బెంగ వద్దు. మీ అందరి దీవెనా ఉంటే నాకిక్కడ ఏ లోటూ ఉండదు.

తోక నంబరుతో తిరిగి వచ్చేదాకా నీ విమానం గద్వాల దాటదు.

నీ ముద్దుల చెల్లెలు,
భారతి