సున్నం బెల్లం పట్టు

గంగాదేవక్కకు,

ఫోన్లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. నీ మెడ మీద గడ్డకు సున్నం బెల్లం పట్టు వేయడం ఆపి, కడపకు పోయి స్కానింగ్ చేయించుకో.

కువైట్‌లో నాకూ చేశారు. చంకలో గడ్డ సంగతి తెలిస్తే మేం మామా అని పిలిచే ఇంటావిడ పనిలోంచి తీసేస్తుందని దాచాను గానీ, ఆమే చూసి ఆసుపత్రికి తీసుకెళ్లింది. చల్లటి జిగురు పూసి, మిషన్ ఆనించి పది నిమిషాలు చూశారు. కొవ్వు గడ్డేనట, భయం లేదట. అది విని ఏడ్చాను. "ఖలాస్, ఇంకెందుకు ఏడుపు?" అంది మామా.

అమ్మ ప్రాణం తీసిన గడ్డ మొదట లేచినప్పుడు నువ్వు అత్తగారింట్లో ఉన్నావు. "నాకు స్కానింగ్ తీపిస్తావా, పాపా?" అని అమ్మ నన్ను అడిగింది.

"అది కడుపుతో ఉండేవాళ్లకు గదమ్మా" అని నవ్వి, పట్టు వేసింది నేనే.

అమ్మ కూడా నవ్వింది. మళ్లీ అడగలేదు.

నీ చెల్లెలు