నీళ్ల తుపాకుల సంఘం

ఎల్లారెడ్డి,
12-3-1989, ఆదివారం.

బిడ్డా ముక్తార్‌కు,

నీకు, మీ అమ్మీ షంషున్నీసాకు, మీ అబ్బా బషీర్ అన్నకు ఎల్లారెడ్డి నుంచి గౌరవ్వ సలాములు, దీవెనలు. మీ ఇల్లంతా చల్లగా ఉండాలి. నా సంగతి అంటావా, ఉన్నాను. మూడో తరగతి దాకానే చదివినదాన్ని, రాతలో తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఒక చోట కూర్చోలేకపోతున్నాను బిడ్డా. చాట ఒళ్లో పెట్టుకుంటాను, నాలుగు బీడీలు చుడతాను, లేచి వాకిట్లోకి వెళ్తాను. ఎందుకు వెళ్లానో మరిచిపోయి మళ్లీ వచ్చి కూర్చుంటాను. ఆకు కత్తిరిస్తుంటే కత్తెర పక్కకు పోతున్నది. నా బీడీలు వదులుగా ఉన్నాయని మొన్న కార్ఖానాలో సగం పక్కన పారేశారు. పక్కింటి దుర్గవ్వ, 'నీ కాళ్లకు చక్రాలున్నయా గౌరవ్వా, నిన్ను చూస్తుంటె నాకు కండ్లు తిరుగుతున్నయి, జర కూసో' అన్నది. కూర్చుంటే రాజలింగు గుర్తొస్తాడు, లేస్తే ఆ తుపాకి గుర్తొస్తుంది.

వానాకాలంలో రామారెడ్డి ఊరి దగ్గర బావి మోటారు బాగుచేస్తూ కరెంటు కొట్టి నా కొడుకు పోయినప్పటి నుంచి ఇంట్లో వాడు చేసిన వస్తువు ఒక్కటీ లేదు. బట్టలు వాడితోనే పోయాయి. పానాలు దుకాణం వాళ్లవి, వాళ్లు తీసుకుపోయారు. వాడు బాగుచేసిన మోటార్లు ఊరూరా నడుస్తున్నాయి, పోయి అవి నావి అనలేను కదా. వాడు తన సంతోషానికి, తన చేతులతో చేసుకున్నది ఆ నీళ్ల తుపాకి ఒక్కటే. అది ఏడాదిగా ఠాణాలో పడి ఉన్నది. ఏ ఠాణానో రాయను, నీకు తెలుసు.

మీరిద్దరూ దాన్ని చేసిన రోజులు కళ్ల ముందు తిరుగుతున్నాయి. పంటకు మందు కొట్టే పాత పంపు గొట్టం, మీ సైకిల్ దుకాణంలోని గాలిపంపు కడ్డీ, లోపల తోలు వాచరు. ఆ తోలు నా తెగిన చెప్పుదే. ఎవరైనా పిచికారి అంటే మీకు కోపం వచ్చేది. పిచికారి పిల్లలది, ఇది తుపాకి అనేవాళ్లు. కాముని పున్నమి, అదే హోలీ, ఇంకా దూరం ఉండగానే సంఘం పెట్టారు. సంఘంలో ఉన్నది మీరిద్దరే, మీటింగు మాత్రం రోజూ. నువ్వు నా మంచం మీద నిలబడి, 'పుట్టిన ప్రతి మనిషికి నీళ్ల తుపాకి పట్టే హక్కున్నది, గది సర్కారు గుంజుకుంటె ఎండాకాలంతోని ఎవడు కొట్లాడతడు' అని ఉపన్యాసం ఇచ్చేవాడివి. వాడు కింద కూర్చుని, 'హక్కున్నది గని బోరింగుల నీళ్లు లేవు, ముందు గది జూడు' అనేవాడు. ఒకసారి దుర్గవ్వ కోక తడిస్తే ఆమె చీపురు పట్టుకుని వచ్చి, 'మీ హక్కు మీ ఇంట్ల వెట్టుకోండ్రి, నా కోక మీద మీకేం హక్కు' అని తిట్టింది. వాడు తుపాకిని వీపు వెనుక దాచుకుని, 'నా తుపాకి ఏం జేసింది పెద్దవ్వా, నీళ్లనడుగు' అన్నాడు. ఆమె తిట్టడం మరిచిపోయి నవ్వింది.

గోడ మీద రాత మాత్రం మీ ఇద్దరి తెలివితక్కువ పని. 'నీళ్ల' అన్న మాట నీళ్ల రంగులోనే ఉండాలని వాడు నీలిమందుతో రాశాడు. ఆ పక్కన 'తుపాకుల సంఘం, మనిషికో తుపాకి, అది మన హక్కు' అన్నదంతా నువ్వు తెచ్చిన సైకిల్ పెయింటుతో రాశారు. అది ఎర్రది. పండుగ నాడు అదే గోడకు గురి చూసి కొట్టుకుంటూ ఆడారు. నీలిమందు కారిపోయింది. నీళ్లు పోయి తుపాకులు మిగిలాయి. మన దిక్కు సంఘం అంటే అడవిలో ఉన్న అన్నలే అనుకుంటారు. గోడ మీద ఎర్ర రాత కనబడితే ఇంటివాళ్లే భయపడి సున్నం కొడతారు. జీపు రాకుండా ఉంటుందా?

జీపు చప్పుడుకు నువ్వు గోడ దూకిపోయావు. వాడు తుపాకి చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. సందు మలుపులో ఇద్దరి నవ్వులు విన్నామని, రెండోవాడు ఎవడో చెప్పమని పోలీసులు వాడిని ఠాణాకు తీసుకుపోయి పొద్దంతా అడిగారు. వాడు చెప్పలేదు. పొద్దు గూకేవేళకు వాడిని వదిలారు, తుపాకిని వదల్లేదు.

ఇప్పుడు అక్కడికి కొత్త జమేదారు వచ్చాడు, బాలయ్య అని. మనిషి మంచివాడే, కానీ రాసిపెట్టిన దాని మీద ఒక అక్షరం కదలనివ్వడు. పున్నమికి ముందే పాత సామానంతా తుక్కుకు పంపుతారని తెలిసి పోయి అడిగాను. ఆయన, 'అవ్వా, సంఘపోళ్లు ఇద్దరు, తుపాకి ఒకటి అని రాసున్నది. ఒకడు నీ కొడుకు, పాపం పోయిండు. ఆ రెండోడు వచ్చి, గిది నీళ్లదేనని నా ముంగట కొట్టి చూపెట్టి, సంతకం వెట్టి తీస్కపోవాలె. ఊకెనే నీకిస్తె రేపు నన్నడుగుతరు' అన్నాడు.

అందుకే మొన్న బస్సెక్కి కామారెడ్డిలో మీ కొత్త ఇంటికి వచ్చాను. మీ అబ్బా కుర్చీ వేసి చాయ్ ఇప్పించాడు. నీకు మస్కట్‌లో పని కుదిరిందని, పాస్‌పోర్టుకు పోలీసు ఎంక్వయిరీ రావాలని చెప్పాడు. 'చెల్లే, వాడు ఇంట్ల లేడు. ఉన్నా గని ఠాణా మెట్టు ఎక్కనియ్య. గా సంఘం పక్కన వాని పేరు పడ్డదంటె పాస్‌పోర్టు గంగల కలుస్తది' అన్నాడు. తండ్రి కదా, చాయ్ తాగి లేచాను.

కానీ నీ చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి ముక్తార్. పరదా వెనుక నువ్వు దగ్గు ఆపుకుంటున్నది కూడా విన్నాను. వచ్చేటప్పుడు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. కండక్టరు రెండుసార్లు చెప్పి వదిలేశాడు.

వాడు పోయిన నాడు కూడా నువ్వు వాకిలి దాకా వచ్చి, లోపలికి రాకుండా వెళ్లిపోయావు. నేను చూశాను. నా మీద భయమో, వాడి ముఖం చూడలేకనో నాకు తెలియదు. అప్పుడు అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. ఒక్కసారి రా. బాలయ్య ముందు నాలుగు చుక్కలు కొట్టి చూపించి, సంతకం పెట్టి పో. తుక్కుబండి వాడు దాన్ని సుత్తెతో చితక్కొడతాడేమోనన్న ఆలోచన వస్తే చేతిలోని ఆకు చేతిలోనే నలిగిపోతున్నది. వాడు నీ పేరు చెప్పకుండా నిన్ను కాపాడాడు, వాడి వస్తువు కోసం నువ్వు ఇంత చేయలేవా? గురువారం లోపల రా. రాకపోతే నేను మళ్లీ కామారెడ్డి వస్తాను, ఈసారి చాయ్ తాగి లేచిపోను.

నీ కోసం ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్న
గౌరవ్వ

తా.క.: సోమవారం రాస్తున్నాను. పొద్దున ఉత్తరం పట్టుకుని పోస్టు డబ్బా దాకా వెళ్లాను. లోపల పెట్టిన చేయిని మళ్లీ బయటికి తీశాను. నా కొడుకు పొద్దంతా నోరు కట్టుకుని దాచిన పేరును నేను ఠాణాలో చెప్పించబోతున్నానే అనిపించింది. అక్కడి నుంచి అటే ఠాణాకు నడిచాను.

ఆ రెండో మనిషిని నేనే అని బాలయ్యతో చెప్పాను. ఆయన నవ్వి, 'గోడ మీద రాసింది నువ్వా, నీకు రాత వస్తదా' అన్నాడు. సుద్దముక్క అడిగి తీసుకుని బండ మీద రాసి చూపించాను. 'నీళ్ల' అన్నది అన్నిటికంటే పెద్దగా రాశాను. కొట్టి చూపించమన్నాడు. తోలు ఎండి గొట్టానికి పట్టుకుపోయి ఉన్నది. ఇంత మంచినూనె అడిగి పోసి, అది నానేదాకా ఠాణా అరుగు మీద కూర్చున్నాను. ఈ మధ్య నేను అంతసేపు కదలకుండా కూర్చున్నది అక్కడే. తరువాత బకెట్లో ముంచి లాగి కొట్టాను. సగం నీళ్లు నా కోక మీదే పడ్డాయి, సగం బాలయ్య బూట్ల మీద పడ్డాయి. ఆయన బూట్ల వైపు చూసుకుని, 'నీళ్లదే' అన్నాడు.

సంతకం పెట్టబోతుంటే ఆపి, 'మరి నీ కొడుకును గంతసేపు అడిగినా రెండోడు ఎవరో చెప్పలేదట, ఎందుకవ్వా' అని అడిగాడు. తల్లి పేరు ఏ కొడుకు చెప్తడు సారూ అన్నాను. ఆయన కలం నా చేతికిచ్చాడు.

ఇప్పుడు ఆ రాతలో రెండో పేరు నాది. నీ పేరు ఎక్కడా లేదు. నిశ్చింతగా పాస్‌పోర్టు తెచ్చుకో. పైన రాసిందంతా చింపేద్దామనుకున్నాను, కానీ నీ చెప్పులు నేను చూశానని నీకు తెలియాలి. అందుకే ఉన్నదున్నట్టు పంపుతున్నాను.

పున్నమి నాడు ఇంటికి రా. వచ్చేటప్పుడు పాత అంగీ తొడుక్కుని రా.